అచ్చాఫీసులో పంతొమ్మిది రోజులు

పదకొండో రోజు మధ్యాహ్నం లాజరు అన్నంలో పప్పు కలుపుకుంటుండగా పెద్దిరాజుగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయన ప్రశ్నపత్రం అచ్చుకు కాపలాగా వచ్చిన అధికారి. ఆ పదకొండు రోజుల్లో ఎవరి పక్కనా కూర్చోలేదు.

"లాజరూ, చెయ్యి కడుక్కుని రావయ్యా."

"పర్లేదు, చెప్పండి."

"మీ అన్నయ్య ఆరోన్‌గారు పొద్దున పోయారంట. గేటు దగ్గర పోలీసుకి కబురొచ్చింది."

లాజరు వేళ్ళు కంచంలోనే ఆగిపోయాయి.

కడియం నర్సరీల మధ్య, కాలవగట్టు రోడ్డు పక్కన, బోర్డు లేని అచ్చాఫీసు అది. లోపల ఎనిమిది మంది పనివాళ్ళు. అచ్చవుతున్నది ఒక ఉద్యోగ పరీక్ష ప్రశ్నపత్రం. అంతకుముందు రెండుసార్లు లీకై, రెండుసార్లూ వాయిదా పడిన పరీక్ష. అందుకని ఈసారి కిటికీ అద్దాలకు నల్లరంగు పూశారు. పెద్దిరాజుగారితో సహా అందరి ఫోన్లూ పెట్టెలో వేసి సీలు కొట్టారు. ఇనుప తలుపుకు బయటి నుంచి తాళం వేశారు. పరీక్ష ముగిసేదాకా అది తియ్యరు. బియ్యం, కూరలు తలుపు పక్క సందులోంచి లోపలికి వస్తాయి, సీలు కొట్టిన పేపరు కట్టలు అందులోంచే బయటికి పోతాయి.

లాజరుకు అచ్చు పని నేర్పింది ఆరోనే. నాన్న పోయిన ఏడాది తమ్ముణ్ణి రాజమండ్రి తీసుకెళ్ళి సీసం అక్షరాల ముందు నిలబెట్టాడు. ఆ రోజుల్లోనూ ప్రశ్నపత్రాలంటే తాళాలే. రాతప్రతిని నాలుగు ముక్కలు చేసి అక్షరాలు పేర్చే నలుగురు కంపోజిటర్లకు ఇచ్చేవారు, ఏ ఒక్కరికీ మొత్తం తెలియకుండా. అచ్చయ్యాక అధికారి చూస్తుండగా ఒక్కో అక్షరాన్నీ విడదీసి దాని గడిలో దాన్ని వేసెయ్యాలి. తర్వాత ఆ అక్షరాలు తూకానికి పోయాయి. ఆఫ్‌సెట్ వచ్చింది. ఫిల్ములు వచ్చాయి, అవీ పోయాయి. ఇప్పుడు కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటే దిగుతోంది. నలభై మంది పని ఎనిమిది మంది చేస్తున్నారు. ఆరోన్ సీసం దగ్గరే ఆగిపోయి ఇంట్లో కూర్చున్నాడు. లాజరు మాత్రం వచ్చిన ప్రతి మిషన్నూ మొదటి నుంచి నేర్చుకుంటూ నెట్టుకొచ్చాడు.

"ఒక్క గంట పంపించండి సార్. ఇద్దరు పోలీసుల్ని తోడివ్వండి. ఎవరితోనూ మాట్లాడను. ముఖం చూసి వచ్చేస్తాను."

"అడిగించాను. పైవాళ్ళు ఒప్పుకోలేదు." అన్నారు పెద్దిరాజుగారు. "నిన్ను కట్టేసే హక్కు నాకు లేదు. తియ్యమంటే తలుపు తీయిస్తాను. కానీ ఒక్కడు గడప దాటినా ఈ పేపరు రద్దయిపోతుంది. పరీక్ష మళ్ళీ వాయిదా. మూడు లక్షల మంది పిల్లలయ్యా."

మిషన్ నడిపే వంశీ కంచం పక్కకు నెట్టాడు. "వాయిదా పడితే పడనీ బాబాయ్. పేపరు ఇంకోటి అచ్చేసుకుంటారు. మీ అన్నయ్యని ఇంకోసారి చూడగలవా నువ్వు?"

లాజరు లేచి తలుపు దాకా వెళ్ళాడు. రేకు మీద చెయ్యి పెట్టాడు. ఎండకు కాలిపోతోంది.

"ఏం కావాలండీ?" అన్నాడు బయటి పోలీసు.

తియ్యండి అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. రేకు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఏం లేదు" అన్నాడు.

మర్నాడు పదింటికి కాలవగట్టు మీద పాట వినిపించింది. వాళ్ళ ఊరి సమాధుల తోటకు అదొక్కటే దారి. ముందు పాస్టరుగారి గొంతు, వెనక ఆడవాళ్ళ గొంతులు. ఎవరూ చెప్పకుండానే వంశీ మిషన్ ఆపేశాడు. పెద్దిరాజుగారు లేచి నిలబడ్డారు. లాజరు కిటికీ అద్దం మీది నల్లరంగును గోటితో గీకబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాడు. పాట దగ్గరికొచ్చింది. గోడ పక్క నుంచే సాగింది. మొక్కల లారీల హారన్లలో కలిసిపోయింది.

"మిషన్ వెయ్యి" అన్నాడు లాజరు, వెనక్కి తిరగకుండానే.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం తాళం తీశారు. ఎవరి ఫోను వాళ్ళకిచ్చారు. పెద్దిరాజుగారు తన ఫోనులో ఏదో చాలాసేపు చదివారు. తర్వాత లాజరు దగ్గరికొచ్చి, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, అతని ముఖం చూడకుండానే జీపెక్కేశారు.

లాజరు నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్ళాడు. వదిన రత్నమాణిక్యం తలెత్తలేదు.

"నువ్వొస్తావని పెట్టె మూత వెయ్యకుండా మూడుసార్లు ఆపించాను" అంది చివరికి.

"ఆ గోడ అవతలే ఉన్నాను వదినా. పాట విన్నాను. నేను బయటికొస్తే మూడు లక్షల మంది పిల్లల..."

ఆమె అతని చేతుల వైపు చూసింది. గోళ్ళ సందుల్లో ఇంకు అలాగే ఉంది.

"మీ అన్నయ్యయినా అదే చేసేవాడులే" అంది. లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఆరోన్ పోయాడని తెలిసిన దగ్గర్నుంచీ లాజరు ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చాడు. ఏడ్చాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది.

అప్పుడే పక్కింటి సత్యశ్రీ టీ గ్లాసులు పట్టుకొచ్చింది. పొద్దున ఆ పరీక్ష రాసొచ్చిన పిల్లేనని వదిన చెప్పింది. లాజరు ఎక్కడ పని చేసొచ్చాడో ఆమెకు తెలియదు.

"పేపరు అచ్చు స్పష్టంగా ఉందా అమ్మా?" అని అడిగాడు ఆశగా.

"బాగుందండి మావయ్యగారూ, పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్లో పంపిస్తే మా సెంటర్లోనే ప్రింట్ తీసి వేడివేడిగా చేతికిచ్చారు, ముందు ప్రెస్సులో వేయించిందంతా లీకు చేసేవాళ్ళ కళ్ళు కప్పడానికి వేయించిన ఉత్తుత్తి పేపరంటండి."