ఏడాదిలో మూడో జత

"మళ్లీ ఎలుకే సార్" అన్నాడు ఖమ్మంలో కార్ల స్పీకర్లు బిగించే షాపాయన. మారుతీ కారు వెనక అద్దం కింద నుంచి ఊడదీసిన రెండు స్పీకర్లనూ బల్ల మీద పెట్టాడు. రెండింటి నల్ల కాగితమూ చిల్లులు పడి ఉంది.

"ఏడాదిలో మూడో జత! గది ఏం ఎలుకో ఏందో" అని చెంచురామయ్య విసుక్కున్నాడు. "ఈసారి బాగా మోగేవి ఇయ్యి. పక్కన కూసున్నోళ్ల మాట గూడ వినబడొద్దు."

ఎప్పుడూ పక్కన కూర్చునేది అతని భార్య సుబ్బరత్నమే. ఆమె నోరు తెరిస్తే అతను సౌండు పెంచుతాడు. పోయిన ఏడాది ఆమె పుట్టింటికి తిరిగే చండ్రుగొండ అడ్డరోడ్డు దగ్గర "మా అమ్మకు బాగా లేదంట, ఒక్కసారి చూసి పోదామండీ" అని రెండుసార్లు అడిగింది. అతను సౌండు పెంచి, కారు ఆపకుండా పోనిచ్చాడు. మర్నాడు ఆమె వెళ్లేసరికి తల్లి పాడె మీద ఉంది.

షాపాయన మూడు రకాలు చూపించాడు. వెంట వచ్చిన సుబ్బరత్నం ఒక్కో స్పీకరునూ ఒళ్లో పెట్టుకుని, ముందున్న ఇనప జాలీని గోటితో లేపి చూసింది. రెండు కదల్లేదు. మూడోదాని జాలీ డబ్బా మూతలా ఊడొచ్చింది.

"ఇవి తీసుకోండి. దుమ్ము తుడవటానికి వీలుగా ఉంటది."

"చూసినవా, మా ఆమెకు గూడ పాటల మీద మనసైంది!" చెంచురామయ్య నవ్వాడు.

సుబ్బరత్నం కొప్పులోంచి జారుతున్న పిన్నును లోపలికి దోపుకుంది. మూడు జతలు పొడిచీ పొడిచీ దాని కొస వంగిపోయింది. పక్క కొట్లో కొత్తది కొనుక్కోవాలి.