ఈ ఏడు ఏం చూశారు?

ఈ కన్ను ఎవరిది?

వెంకటరాఘవయ్యను ఏళ్ళ తరబడి వేధిస్తున్న సందేహం అది.

తెనాలిలో ఓ రైసుమిల్లులో గుమాస్తా అతను. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. రెండో కంట్లో వడ్లపొట్టు పడి, పుండై, తెల్లగా పువ్వు వేసింది. ఎనభై నాలుగులో గుంటూరులో ఆపరేషన్ చేసి, చనిపోయిన ఎవరిదో కంటిపొర తెచ్చి దానికి అతికారు.

"ఎవరిదండీ?" అని అడిగాడు.

"చెప్పకూడదు" అన్నారు డాక్టరుగారు.

ఆపరేషన్ జరిగిన రోజు మహాలయ అమావాస్య. అందుకే ఏటా ఆనాడు తన పెద్దలకు నువ్వులూ నీళ్ళూ వదిలాక, పేరూ గోత్రం తెలియని ఆ మనిషికీ చివర ఓ దోసెడు వదులుతాడు.

"చేరతాయంటారా?" అని పురోహితుణ్ణి అడిగాడు.

"శ్రద్ధగా వదులు నాయనా, చేరతాయి" అన్నాడాయన.

చేరడం లేదేమోనన్న భయం మరుసటి ఏడు అమావాస్యకే మొదలైంది.

నీళ్ళు వదిలి లోపలికి వచ్చాడో లేదో, వీధి అరుగు మీద కర్ర చప్పుడైంది. పొడుగాటి మనిషి. నల్లకళ్ళద్దాలు. రెండు కళ్ళకూ చూపు లేదు.

"రాఘవయ్యగారి ఇల్లు ఇదేనాండి? నా పేరు పున్నారావండి. రేపల్లె నుంచి వస్తన్నా."

"నేను నీకెలా తెలుసు?"

"ఆస్పత్రిలో విన్నానండి."

కర్ర పక్కన పెట్టి అడిగాడు.

"ఈ ఏడు ఏం చూశారండి?"

"చూడటమేంటి?"

"అదేనండి, ఆ కంటితో."

రాఘవయ్య పొన్నూరు ఆంజనేయస్వామిని చూశానన్నాడు. బాపట్ల వెళ్ళి సముద్రం చూశానన్నాడు.

"నీళ్ళు ఏ రంగులో ఉన్నాయండి?"

"మట్టిరంగు."

పున్నారావు తల ఊపాడు.

"మరి పాపాయి? నవ్వితే ఎట్టా ఉంటదండి?"

దానికి మాత్రం రాఘవయ్య బదులు చెప్పలేదు. కూతురు సూర్యకుమారి అప్పటికి తప్పటడుగులు వేస్తోంది.

భార్య శ్యామలాంబ అన్నం తినమంది. అతను వద్దన్నాడు. దోసిలి పట్టి నీళ్ళు మాత్రం అడిగి తాగాడు.

అమావాస్యనాడు గుమ్మంలో నిలబడి నీళ్ళు అడిగేది పోయిన పెద్దలేనని రాఘవయ్యకు తెలుసు.

ఆపైన ఏటా అదే రోజు. అదే కర్ర చప్పుడు. అదే ప్రశ్న. పోయేముందు పిల్ల సంగతి.

"ఈ కన్ను ఇచ్చి చచ్చిపోయింది వాడి కొడుకో, కూతురో అయ్యుంటుంది. లెక్క అడగడానికి వస్తున్నాడు" అన్నాడు భార్యతో.

"అడిగితే చెప్పండి. మీ సొమ్మేం పోయింది?"

"ఇవాళ లెక్క అడుగుతాడు, రేపు ఇంకేం అడుగుతాడో! కన్నుకి బదులు పిల్లని..."

"ఛ, అవేం మాటలండీ!" అంది గానీ, ఆ ఏడు శ్యామలాంబ కూడా పిల్లకు దిష్టి తీసింది.

తొంభైలో ఆ అమావాస్యకు సూర్యకుమారికి కాలిపోయే జ్వరం. మందు పడుతున్నా దిగడం లేదు. పెరటి గోడమీద పెట్టిన పిండాన్ని కాకి ముట్టలేదు.

అంతలో కర్ర చప్పుడు.

"పాపాయి గొంతు వినబడటం లేదేంటండి?"

రాఘవయ్య ఒక్క అంగలో గుమ్మంలోకి వచ్చాడు.

"నీకెందుకు? కన్ను కావాలంటే పీక్కుపో! నా పిల్ల జోలికి రాకు. ఇంకోసారి ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను!"

పున్నారావు గోడ తడుముకుంటూ అరుగు దిగాడు. ఆ రోజు నీళ్ళు కూడా అడగలేదు.

తెల్లారేసరికి పిల్లకు జ్వరం దిగింది. తను అనుకున్నదే నిజమని రాఘవయ్యకు నమ్మకం గట్టిపడింది.

మరుసటి ఏడు అమావాస్యకు కర్ర చప్పుడు కాలేదు.

పీడ వదిలిందనుకోవాలి. కానీ పొద్దు వాలేదాకా అతని చెవులు వీధిలోనే ఉన్నాయి. శ్యామలాంబ అరుగు మీద చెంబుతో పెట్టిన నీళ్ళు అలాగే ఉన్నాయి.

"ఏమయ్యాడో కనుక్కుని రండి. ఇది మనసులో పెట్టుకుని ఎన్నాళ్ళుంటారు?" అందామె.

ఆదివారం రేపల్లె రైలెక్కాడు. నేనూ వస్తానని పేచీ పెట్టి సూర్యకుమారీ వెంటబడింది.

గుడ్డి పున్నారావు ఇల్లంటే ఎవరో తాటాకిల్లు చూపించారు. గుమ్మంలో అతని చెల్లెలు గంగాదేవి వల బాగుచేస్తోంది.

"మా అన్న ఆషాఢంలో పోయాడండి" అంది.

రాఘవయ్య అక్కడే కూర్చున్నాడు. తెనాలి రాఘవయ్యనని చెప్పి, తన కన్ను చూపించి అడిగాడు.

"అమ్మా, ఈ కన్ను మీ ఇంట్లో ఎవరిది?"

"మా ఇంట్లో వాళ్ళది కాదండి. ఎవరిదో మాకూ తెలవదు."

"మరి ఏటా నా దగ్గరికి ఎందుకొచ్చేవాడు?"

గంగాదేవి వల పక్కన పెట్టింది.

"ఆ రోజు కన్ను ఒక్కటే వచ్చిందంటండి. వరస మా అన్నది. పక్క మంచం మీద మీరు, ఉయ్యాల్లో పిల్ల మొహం ఇంకా చూళ్ళేదని ఏడ్చారంట. 'నేను సముద్రం చూశాను, చాలు. ముందు ఆయనకెయ్యండి' అన్నాడు డాక్టరుగారితో. తన వంతు వచ్చేలోపు కన్నే ఎండిపోయిందండి."

రాఘవయ్య కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు.

"మీకు చెప్పొద్దనేవాడండి, బాధపడతారని. మీ ఇంటి నుంచి వచ్చి, మీరు చూసినయ్యన్నీ మాకు చెప్పేవాడు. పోయిన ఏడు మాత్రం ఏమీ చెప్పలేదు."

లోపల నులకమంచం ఖాళీగా ఉంది. తలాపున గోడకు కర్ర ఆనించి ఉంది. రాఘవయ్య పిల్లను తీసుకుని లోపలికి వెళ్ళి మంచం పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"పున్నారావుగారూ!" అన్నాడు.

ఆ పేరుకు 'గారు' చేర్చడం అదే మొదలు.

"మీకు బాకీ పడ్డానండి. అమ్మాయికి ముందుపళ్ళు రెండూ ఊడాయి..." అని కూతురి వైపు తిరిగి, ఆ కంటితో నిదానంగా చూస్తూ, ఆ పిల్ల నవ్వితే ఎట్టా ఉంటుందో చెప్పాడు.