నాలుగు వేల నూట పదమూడో ఉత్తరం

ఆ ఉత్తరం చదివి సీనియర్ పరిశోధకురాలు పడీ పడీ నవ్వింది. నవ్వకూడదని ఆవిడకీ తెలుసు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి తల్లికి వచ్చిన ఉత్తరం అది. అయినా నవ్వు ఆగితేగా.

“మీరు మా కార్యాలయానికి స్వయంగా నడిచి వచ్చి దరఖాస్తు అందజేశారు. కావున మీకు చక్రాల కుర్చీ అవసరం లేదని నిర్ధారించడమైనది.”

“ఇంతకీ నడిచి వెళ్ళింది ఎవరండీ?” అంది కళ్ళు తుడుచుకుంటూ.

“నేనేనమ్మా. ఆమధ్య ఓ రోజు పొద్దున పనికి పోతూ పోతూ ఇచ్చాను. అమ్మకి ఎనభై రెండు. మంచం దిగి మూడేళ్ళయింది.”

ఆయన మొహం సీరియస్‌గానే పెట్టాలని చూశాడు. కుదరలేదు. ఆయనా నవ్వేశాడు. ఇద్దరి నవ్వుకీ పక్క గదిలోంచి లాయరమ్మ తొంగి చూసింది.

ప్రభుత్వం తప్పుడు నిర్ణయం తీసుకుంటే జనం తరఫున కోర్టుకెళ్ళే స్వచ్ఛంద సంస్థ అది. మెట్లెక్కి పైకి వెళితే మూడు గదులు, మూడు గదుల నిండా కాగితాలు. మూడేళ్ళుగా పరిశోధకురాలు సంక్షేమ శాఖ పంపే తిరస్కరణ ఉత్తరాలు పోగేస్తోంది. ఇప్పటికి నాలుగు వేల నూట పన్నెండు. సొంత పెళ్ళిరోజు మర్చిపోతుంది గానీ, ఏ ఉత్తరంలో ఏ తప్పుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

ఆవిడ వాదన ఒక్కటే. ఈ ఉత్తరాలను ఎవరూ చదవడం లేదు, కళ్ళు మూసుకుని సంతకం గీకేస్తున్నారు. ఒకే రోజున మూడు వందల డెబ్బై ఉత్తరాలు వెళ్ళాయని తేదీలవారీగా లెక్కకట్టి మరీ చూపించింది. శాఖ కోర్టుకిచ్చిన జవాబు ఇంకా గొప్పది. మా అధికారి ప్రతి ఉత్తరాన్నీ చదివాకే సంతకం పెడతారు, ఆయన చాలా వేగంగా చదువుతారు. ఆ వేగం గల మహానుభావుడి పేరు మాత్రం ఇవ్వలేదు. ఉత్తరాల మీదా పేరుండదు, కోడి కెలికినట్టు ఒక గీత తప్ప.

రేపే విచారణ. చివరి సాక్ష్యం ఇవాళ అయిదింటిలోగా కోర్టులో దాఖలు చేయాలి. ఓడిపోతే ఆ ఉత్తరాలు అందుకున్న ఇళ్ళన్నిటికీ ఆ తిరస్కరణే ఖాయం.

“అక్కా, ఇంకో ఉత్తరం ఏం చేసుకుంటాం?” అంది లాయరమ్మ విసుగ్గా. “చదవలేదని రుజువు కావాలి.”

“ఇది చూశాక కూడా చదివాడంటారా?”

“చదివాడు, పొరపాటు పడ్డాడు అంటారు. పొరపాటు ఎవరైనా పడతారని జడ్జిగారు తలూపుతారు. అంతే.”

లాయరమ్మ తలుపు వేసుకుంది. పరిశోధకురాలికి నీరసం వచ్చింది గానీ, ఇంత దూరం వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఆవిడ వల్ల కాదు. ఫారం తీసింది. ఆవిడ పద్ధతి ఆవిడకుంది. ముందే పేరూ ఊరూ అడిగితే మనుషులు బిగుసుకుపోతారు. ముందు కష్టం చెప్పించాలి, వివరాలు ఆఖర్న నింపాలి.

“మీకు కోపం రాలేదా?” అని మొదలుపెట్టింది.

“అమ్మకొచ్చింది. సంతకం పెట్టినవాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. వాణ్ణి కన్నతల్లి చిన్నప్పుడే నాలుగు తగిలించి ఉంటే ఇలా తయారయ్యేవాడు కాదంది.”

“మీరేమన్నారు?”

“నిజమేనన్నాను.”

మళ్ళీ నవ్వులు. ఈసారి ఆవిడకి ఎక్కిళ్ళొచ్చాయి. ఆయనే లేచి మంచినీళ్ళు అందించాడు.

“వాడు నాకు దొరకాలండీ,” అంది గ్లాసు దింపి. “నాలుగు వేల ఉత్తరాలూ ముందేసి పైకి చదివిస్తాను. ఒక్కటీ వదలను.”

“చదివించండమ్మా. చదవాల్సిందే.” ఆయన నవ్వు తగ్గింది. “ఇలాంటి ఉత్తరం చదవడం నాకిదే మొదలు. అమ్మ చదివి పెట్టమంటే చదివాను. మొన్నట్నుంచీ నిద్ర లేదు. మా అమ్మదొక్కటే అయితే ఎవరినో పట్టుకుని సరిచేయించుకుందును. మిగతావాళ్ళ సంగతేంటి?”

ఆ మాటకి పరిశోధకురాలి మనసు నిండింది. గెలిచినా ఓడినా ఇలాంటి మనిషి ఒకడు ఈ కుర్చీలో కూర్చున్నాడు చాలనుకుంది.

“మీ పేరు బయటికి రాదు లెండి. కోర్టు కాగితాల్లో నంబరే వేస్తాం,” అంది.

“నంబరొద్దు. పేరే వేయండి. పేరు లేకపోతే ఇది చిత్తు కాగితం.”

“తర్వాత మీకేమైనా ఇబ్బంది...”

“వస్తే రానీండి. అమ్మకి చెప్పే వచ్చాను. వెళ్ళరా అంది.”

పట్టుదల గల మనిషి, పాపం ఆయన పేరుతో కేసుకి ఒరిగేదేముంది అనుకుంది ఆవిడ. గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఇక ఫారం ముగించాలి.

“చెప్పాల్సింది అంతేనా?”

“అసలుది ఇంకా చెప్పలేదమ్మా.”

“వివరాలు నింపేసి అదీ రాసేసుకుందాం.” పెన్ను అందుకుంది. పేరు రాసింది. వయసు రాసింది, యాభై నాలుగు. చిరునామా రాసింది. ఇంకొక్క గడి మిగిలింది.

“ఏం చేస్తుంటారు?” అంది తలెత్తకుండానే.

“ఈ ఉత్తరాల కింద సంతకాలు పెడుతుంటానమ్మా.”