రంగు చూసి అమ్మిన చేపలు

"గవన్నీ ఒక్క తొట్టిల వెయ్యకు సారూ."

అమరనాథ్ వెనక్కి తిరిగి చూశాడు. వెలిసిన చీర కట్టుకున్న ఒకామె చేపల దుకాణం మెట్టు మీద నిలబడి ఉంది.

"ఈ ఏంజిల్ చేప ఇప్పుడు రూపాయి బిళ్ళంత ఉన్నది. రెండు నెలలైతే అరచెయ్యంత అయితది. గప్పుడు ఈ రొయ్యపిల్లలు, ఈ చిన్న గప్పీ చేపలు దానికి మేత. ఈ చారల చేపలేమో దాని రెక్కలు కొరుకుతయి."

అమరనాథ్ సందేహంగా దుకాణదారు వైకుంఠం వైపు చూశాడు. సైదాబాద్ నుంచి రెండు బస్సులు మారి వచ్చాడతను. ఇంట్లో ఎనిమిదేళ్ళ కూతురు రాజమణి. పోలియో వచ్చి కాళ్ళు పోయాయి. రోజంతా మంచం మీదే. చూసుకోవడానికి ఏదైనా కదిలేది కావాలని అడిగింది.

వైకుంఠం ముఖం ఎర్రబడింది.

వాళ్ళది లాడ్ బజార్‌లో తాతల నాటి గాజుల వ్యాపారం. డెబ్బై అయిదులో అతను దుకాణం సగం ఖాళీ చేసి చేపల తొట్లు పెట్టాడు. గాజులను జత చేసినట్టే చేపలనూ జత చేసేవాడు. ఎరుపు పక్కన నలుపు, పసుపు పక్కన వెండి. చూసినవాళ్ళు మురిసిపోయి కొనుక్కుపోయేవారు.

"నిన్ను అడిగిండ్రా ఎవరన్న?" అన్నాడు ఆమెతో. "వారానికోసారి వస్తవ్, ఒక్కటి కొనవ్. వచ్చినోళ్ళను చెడగొడ్తవ్. నీ ఇంటి కుండల పెంచిన చేపలనుకున్నవా? బొంబాయి సరుకిది."

"సరుకు గాదు సేటు. పాణమున్నయి."

"చాలు. ఇంకోసారి ఈ మెట్టెక్కితే బాగుండదు."

చుట్టూ నలుగురు చేరారు. ఆమె ఎవరినీ చూడలేదు. తొట్ల వైపు ఒకసారి చూసి, చీర కొంగు తల మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

అమరనాథ్ వైకుంఠం చెప్పినట్టే అన్నీ కలిపి కొన్నాడు.

ఆ శుక్రవారం ఇస్సాకు మామూలుగా డబ్బాల్లో చేపలు తెచ్చాడు. బొంబాయి సరుకని ప్రతి వారం తెచ్చేది అతనే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"ఒక పిచ్చిది తయారైంది ఇస్సాకూ," అన్నాడు వైకుంఠం. "చేపల గురించి నాకే చెప్తది. మెడ పట్టి దొబ్బినంత పని జేసిన."

ఇస్సాకు డబ్బా మూత బిగించుకుని మెట్టు దిగిపోయాడు.

చేపలు చచ్చాయని అమరనాథ్ తిరిగి వస్తాడేమోనని వైకుంఠం కొన్నాళ్ళు లోలోపల బెంగపడ్డాడు. రాలేదు. పైగా తన ఆఫీసు వాళ్ళను ఇద్దరిని పంపాడు. వాళ్ళూ ఫిర్యాదు చేయలేదు.

చూస్తుండగానే ఏడాది గడిచింది. పిచ్చిదాని మాటలకు భయపడినందుకు వైకుంఠం తనను చూసి తనే నవ్వుకున్నాడు.

వానాకాలం వచ్చింది. వరసగా రెండు శుక్రవారాలు ఇస్సాకు రాలేదు.

అదే వారంలో ముగ్గురు మనుషులు చచ్చిన చేపలను పట్టుకుని దుకాణానికి వచ్చారు. నాలుగో మనిషి అమరనాథ్.

"సేటూ, మీ దుకాణమామె ఎందుకొస్తలేదు?"

"ఏ ఆమె?"

"గదే, అప్పుడు నువ్వు తిట్టిన నీలమ్మ. నేను చేపలు తీస్కపోతుంటే సందు మలుపుల ఆపి ఇల్లు అడిగింది, ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చింది. కోపం తగ్గి సేటే పంపిండు అన్నది. చారల చేపలు తీసి, వాటికి బదులు నెమ్మదైనవి వేసింది. రొయ్యలకు, గప్పీలకు వేరే సీసా పెట్టిచ్చింది."

వైకుంఠం చేతిలోని వలను తొట్టి అంచు మీద పెట్టాడు.

"మావోళ్ళ ఇండ్లకు, ఈడ కొన్న ఇంకొందరి ఇండ్లకు గూడ పోయేది. మొన్న ఇంకో నాలుగు కొంటిని గదా, ఆమె వచ్చి సరిజేస్తదని అన్నీ ఒక్కదాంట్లనే వేసిన. తెల్లారెవరకు గప్పీలకు తోకల్లేవు, రొయ్యలే లేవు. మా రాజమణి నిన్నటి సంది అన్నం ముడ్తలేదు. చేపల కోసం గాదు సేటు. నీలమ్మ ఎందుకొస్తలేదని."

"ఇల్లెక్కడ?"

"బహదూర్‌పురా. జూ గోడ ఎనక అని చెప్పేది."

వైకుంఠం అప్పుడే బయలుదేరాడు. రేపటి నుంచి వచ్చి దుకాణంలోనే కూర్చోమని, ఏది దేనితో కలుస్తుందో కొనేవాళ్ళకు ఆమెనే చెప్పమని అడగాలనుకున్నాడు. దారంతా ఆ మాటలే కూడదీసుకున్నాడు.

నీలమ్మ ఇల్లని అక్కడివాళ్ళు చూపించిన పెంకుటింటి గడప మీద ఇస్సాకు కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది.

"నువ్వీడున్నవేంది ఇస్సాకూ?"

"మా ఇల్లే సేటు."

"నీలమ్మ..."

"నా పెండ్లాం. సచ్చిపోయి పదహారు దినాలాయె. నిమోనియా అన్నరు."

పిచ్చిదని ఎవరి ఎదుట అన్నాడో వైకుంఠానికి అప్పుడు తెలిసింది.

ఇస్సాకు లేచి అతన్ని పెరట్లోకి తీసుకుపోయాడు. సిమెంటు తొట్లు, మూతి పగిలిన కుండలు, సత్తు గంగాళాలు. అన్నింట్లో నీళ్ళు. చాలావాటిలో చేపలు వెల్లకిలా తేలుతున్నాయి.

"నువ్వొచ్చుడు మంచిదైంది. వానకు తొట్లు పొంగి అన్నీ కలిసిపోయినయి. ఒకదాన్నొకటి తింటున్నయి. ఏది యాడ ఉండాలెనో జెర చూసి చెప్పు."

వైకుంఠం ఒక తొట్టి మీదికి వంగాడు. ఎరుపు, నలుపు, పసుపు కనిపించాయి. అంతకుమించి ఏమీ తెలియలేదు.

"నాకేం తెల్సు ఇస్సాకూ. ఇన్నేండ్ల సంది చేపలు తెచ్చేటోనివి, నీకు తెల్వదా?"

"నేను మోసుకొచ్చుడే సేటు," అన్నాడు ఇస్సాకు. "నీ దుకాణంల అమ్ముడువోయిన ఒక్కొక్క చేపను గుడ్డు కాడ్నించి పెంచింది నీలమ్మనే."