గూబ బొమ్మ నాణెం

“యాడ కొట్టుకొచ్చినావమ్మా ఇవి?”

పుంగనూరు బజారు వీధిలో వెండి అంగడి మునిచంద్ర ఆ మాట అనేసరికి ఎదురుగా కూర్చున్న ఆమెకు రోషం వచ్చింది. పేరు సుమలత అనీ, చౌడేపల్లె దగ్గర పల్లె అనీ చెప్పింది. ఎర్రగుడ్డ మీద రెండు నాణేలు పెట్టింది. రెండింటి మీదా గుడ్లగూబ బొమ్మే.

“కొట్టుకొచ్చే కర్మ నాకేలప్పా? కువైట్‌లో ఒక ముసలామెకు సేవ జేసినా. వచ్చేటప్పుడు చేతిలో పెట్టింది. ఇంట్లో గూబ బొమ్మ ఉండగూడదని మా అత్త ఒకటే పోరు. కావాలంటే తీసుకో, లేదంటే పోతా.”

మునిచంద్ర కన్నతల్లి పాలు పోసినా నీళ్ళు కలిపిందేమోనని వేలు ముంచి చూసే రకం. కానీ పాత నాణేలంటే ప్రాణం. ఇవేమిటో చూడగానే పోల్చుకున్నాడు. ఆ సంగతి ముఖంలో తెలియనివ్వలేదు.

“ఇవి గ్రీకుదేశపు మాదిరి ఉండాయి. ఆడ ఏథెన్స్ అని ఊరు. ఈ రెండో పక్క ఉండే ముఖం ఆ ఊరి దేవత ఎథీనాది. గూబ ఆమె పక్షి. మనకు అపశకునం గానీ వాళ్ళకు తెలివికి గుర్తు. క్రీస్తు పుట్టకముందువి... నిజమైనవైతే!”

“అయ్యన్నీ నాకేం తెలుసప్పా?”

“ఆ కాలం వ్యాపారస్తులూ నా మాదిరే. ఉలితో గాటు పెట్టి, లోపల కూడా వెండే అయితేనే తీసుకుంటా ఉండిరి.”

ఉలి తీసి మొదటి నాణెం మీద ఒక్క దెబ్బ వేశాడు. లోపల తెల్లగా మెరిసింది. రెండోదానికి ఆ శ్రమ అక్కర్లేకపోయింది. ఎప్పటిదో గాటు ఉండనే ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ గాటులో ఎర్రటి రాగి!

“సూడమ్మా. పైన వెండి పూత, లోపల రాగి. ఇది నకిలీ!”

“అయ్యో, ఆ ముసల్ది నన్ను మోసం జేసిందా అప్పా?” అంటూ సుమలత కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ కన్నీళ్ళతో మునిచంద్ర అనుమానం కాస్తా తీరిపోయింది. మోసగత్తె అయితే ఇంత తేలిగ్గా బయటపడే నకిలీని వెంట తెచ్చుకుంటుందా? రెండింటినీ ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. సరుకు కోసం దాచిన డబ్బంతా ఇచ్చి వెండిదాన్ని కొన్నాడు. రాగిదాన్ని వెనక్కి నెట్టి, “దీన్ని ఇంకెవురికీ సూపించొద్దమ్మా, జైల్లో పెడతారు” అని బుద్ధి కూడా చెప్పి పంపాడు.

మరునాడే కుప్పం బస్సెక్కాడు. అక్కడ రాజగోపాల్ అని రిటైరైన చరిత్ర లెక్చరర్ ఉన్నాడు. పాత నాణేలు చూసీ చూసీ తల నెరిసిన మనిషి.

ఆయన నాణేన్ని అటూ ఇటూ తిప్పి, “మంచి వెండే మునిచంద్రా. కానీ మొన్నమొన్న పోతపోసింది. అంచున అతుకు గీత ఉండాది సూడు. ఆ కాలంలో బొమ్మను సుత్తి దెబ్బతో అచ్చు గుద్దేవాళ్ళు” అన్నాడు.

“అయితే రెండూ నకిలీయేనా సార్?” అని ఫోన్‌లో రాగిదాన్ని చూపించాడు మునిచంద్ర.

రాజగోపాల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “ఇది యాడుండాది? యుద్ధంలో వెండి గనులు అందకుండా పోతే, ఏథెన్స్ వాళ్ళే రాగికి వెండి పూసి ఇదే గూబ బొమ్మ కొట్టినారు. అట్లాంటివి మిగిలింది చాలా తక్కువ. నాకు తెలిసి ఇది అదే!”

మునిచంద్ర చౌడేపల్లె చుట్టుపక్కల ఊళ్ళన్నీ గాలించాడు. సుమలత అనే మనిషినే ఎవరూ ఎరుగరు.

కొన్నాళ్ళకు గొలుసుల పని మీద మదనపల్లె పోయాడు. వెంకటప్ప వెండి అంగడి గడప దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. లోపల ఎర్రగుడ్డ మీద రెండు నాణేలు. “ఇది రాగిదమ్మా, నకిలీ!” అంటున్నాడు వెంకటప్ప. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

కేక వేయాలని నోరు తెరిచాడు మునిచంద్ర. కానీ ఆ రాగి నాణెం మీద ఆశ గొంతు నొక్కేసింది. బయటే కాచుకుని, ఆమె రాగానే అడ్డం నిలబడ్డాడు.

“నన్ను ముంచింది సాలు. పోలీసులకు చెప్పన్లే. ఎందుకూ పనికిరాని ఆ రాగిది మాత్రం నాకిచ్చి పో.”

సుమలత నాణేన్ని కొంగున భద్రంగా ముడేసుకుంది.

“అదెట్ల ఇస్తానప్పా? నా దగ్గరుండే అసలుది అదొక్కటే!”