నెగడు దగ్గర చోటు

ఆ ఏడు చలికాలం అడవిలో ఎండుపుల్లలు కరువయ్యాయి. నెగడు చిన్నదైపోయింది. దాని చుట్టూ ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పే పెద్దరికం, ఎవరూ అడక్కుండానే, నక్క నెత్తినేసుకుంది. ఒళ్లంతా బొచ్చున్న ఎలుగుబంటికి ముందు చోటిచ్చి, పుల్లలు మోసే కుందేలుని వెనక్కి నెట్టింది.

"పుల్లల కోసం కొండ దాటి పోతున్నా మామా. నా పిల్లలు చలికి బిగుసుకుపోతున్నాయి, కాస్త ముందుకి రానీ," అంది కుందేలు.

"కరువన్నాక అందరం సర్దుకోవాలి అల్లుడూ," అంది నక్క, వీపు కాచుకుంటూ.

మర్నాడు కుందేలు పుల్లలన్నీ తన బొరియ ముందే దించి నెగడు వేసింది. జంతువులన్నీ అక్కడికే పరుగెత్తుకొచ్చాయి. కుందేలు పిల్లలు ముందు కూర్చున్నాయి.

"నా చోటేదిరా?" అంది నక్క.

"పుల్లలు తెచ్చినవాళ్లకే ముందు చోటు మామా."

నక్క అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది: "అవి ఏ వైపు దొరుకుతాయి అల్లుడూ?"