నయోమి అడిగిన క్షమాపణ

నయోమి ఉద్యోగం తీసింది కంపెనీ కాదు. లక్ష్మీపతీ, నువ్వు! పక్కన నిలబడి నవ్విన ఫణీ, నువ్వూ!

అమెరికాలో, మోరిస్‌విల్ ఆఫీసులో ఆ టీమంతా మనవాళ్ళే. యూదురాలు ఆమె ఒక్కతే. అరవై ఏళ్ళ మనిషి. ఏనాడూ లంచ్‌కి రమ్మన్నవాడు లేడు.

ఒక మధ్యాహ్నం ఆమె టీమ్ లీడ్ లక్ష్మీపతి డెస్క్ దగ్గరికొచ్చింది.

“రేపు యోమ్ కిప్పుర్, మా ఉపవాసాల పండగ. లీవ్ చెప్పాను కదా. పచ్చి మంచినీళ్ళు ముట్టను, ఫోనూ ముట్టను. ఈ ఏడాది నావల్ల నీకేమైనా బాధ కలిగితే క్షమించు.”

మనిషికి చేసిన తప్పు ముందు ఆ మనిషే క్షమించాలి, దేవుడి దగ్గరికి ఆ తర్వాతే పోవాలి. వాళ్ళ ఆచారం అది. ప్రతి డెస్కుకీ వెళ్ళి అడిగింది.

ఆమె అటు తిరగ్గానే ఫణి కిసుక్కున నవ్వాడు.

“ఏం చేసిందన్నా, అంత గిల్టీగా ఉంది?”

మర్నాడు సర్వర్ పడిపోయింది. ఆమె ఫోన్ ఎత్తలేదు.

“మా అమ్మ ఏకాదశి ఉపవాసం ఉండి ఇంటిల్లిపాదికీ వండుతుంది. ఈవిడకి చేతులు పడిపోయాయా?” అన్నాడు ఫణి.

సర్వర్‌ని పడగొట్టిన కోడ్ ఫణిదే. ఉద్యోగం పోతే అతని వీసా పోతుంది.

లక్ష్మీపతి హెచ్‌ఆర్‌కి రాశాడు: ‘తప్పు నయోమిది. ముందురోజే వచ్చి క్షమించమని అడిగింది. అందరూ సాక్షులే.’

వారం తిరక్కుండా ఆమెను పంపేశారు.

దీపావళి వచ్చింది. లక్ష్మీపతి ఇంట్లో పూజ. ఫణీ వచ్చాడు. హారతి వేళ లక్ష్మీపతికి ఆఫీసువాళ్ళిచ్చిన ఫోన్ మోగింది.

“ఇదేంటన్నా!” అన్నాడు ఫణి. “దీపావళి నాడు ఏ ఏడూ ఒక్క కాల్ కూడా రాదే! లక్ష్మీదేవి చలవ అనుకునేవాళ్ళం!”

లక్ష్మీపతి విసుగ్గా ఎత్తాడు. అవతల కస్టమర్.

“నయోమి ఏది?”

“ఆవిడెందుకు?”

“ఏటా ఈ రోజు కాల్స్ తన ఫోన్‌కి తిప్పుకునేది. ‘మావాళ్ళు ఇవాళ దీపాలు పెట్టుకుంటారు, పూజలోంచి లేపకు, ఏదున్నా నాతో చెప్పు’ అనేది.”

విన్నారా? లక్ష్మీదేవి కాదు. ఆవిడ!

ప్రసాదం తర్వాత తిందురుగాని. ముందు హెచ్‌ఆర్‌కి నిజం రాయండి. ఆవిడ ఉద్యోగం ఆవిడకి ఇప్పించండి. ఆపైన ఆవిడ గుమ్మంలో నిలబడి, ఆవిడ మిమ్మల్ని అడిగినట్టే అడగండి!